ఐపీస్ డబ్బాలో లూర్దు నీళ్లు

పోయినవారం జయపాల్‌ని మేడమెట్ల మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, మనసులో అతనింకా ఆ మెట్ల మీదే ఉన్నాడు. చేతిలో అట్టపెట్టె. పెట్టె మీద అతను ఏడాదిగా కలవరించిన ఐపీస్ బొమ్మా, పేరూ, కంపెనీ గొప్పలూ అన్నీ ఉన్నాయి. లోపల మాత్రం ప్లాస్టిక్ మరియమాత. నీలం కిరీటమే మూతగా ఉన్న చిన్న సీసా. దాని నిండా లూర్దు నీళ్లు, అంటే ఫ్రాన్సులో మరియమ్మ క్షేత్రంలోని ఊట తీర్థం.

ఈవారమే మన కథలోకి అడుగుపెట్టినవారి కోసం రెండు ముక్కలు. జయపాల్ బెజవాడలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. కాపురం గుణదలలో. సొంత చేతులతో అద్దం అరగదీసి, టెలిస్కోపు తయారుచేసి మేడ మీద పెట్టుకున్నాడు. టెలిస్కోపు ఎంత పెద్దదైనా, చివర మనం కన్ను ఆనించే ముక్క ఒకటుంటుంది. అదే ఐపీస్. అది నాసిరకమైతే మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే. జయపాల్ దగ్గరున్నవి నాసిరకం. పైగా అతనిది మందపాటి కళ్లజోడు, తీస్తే లాభం లేదు, పెట్టుకుంటే కన్ను అద్దానికి ఆనదు. వాడకట్టు పిల్లలందరికీ శనిగ్రహం వలయాలు చూపించిన మనిషి, తను మాత్రం తాళం చెవి కంతలోంచి పక్కింటి పెళ్లి చూసినట్టు చూశాడు. కనిపించే ఆ కాస్త కూడా నడిమధ్యన నలిగినట్టుండేది. దానికీ ఐపీస్‌నే తిట్టుకున్నాడు.

కళ్లజోడుతో కాస్త దూరం నుంచే హాయిగా చూడగలిగే మంచి రకం ఐపీసులున్నాయి. ఇక్కడ తెప్పించుకుంటే రవాణా, దిగుమతి సుంకం, అమ్మేవాడి లాభం అన్నీ కలిసి ధర రెట్టింపవుతుంది. అందుకని ఈ పిచ్చి ఉన్నవాళ్లందరూ చేసే పనే అతనూ చేశాడు. విదేశానికి ఎవరు వెళుతున్నారని తెలిసినా వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. సింగపూర్ వెళ్లిన సహోద్యోగి మరచిపోయి చాక్లెట్లు తెచ్చాడు. బ్యాంకాక్ వెళ్లిన ప్రిన్సిపాల్ గారి బావమరిది బొమ్మ బైనాక్యులర్ తెచ్చి, ‘ఇదేగా మీరడిగింది’ అన్నాడు. చివరికి మొన్న మే నెలలో జయపాల్ తల్లి శౌరమ్మ, భార్య కృప తమ చర్చి విచారణ వాళ్లతో కలిసి రోము, లూర్దు, ఫాతిమా క్షేత్రాల యాత్రకు వెళ్లారు. క్రాష్ కోర్సుల వల్ల అతనికి సెలవు దొరకలేదు గాని, ఐపీస్ మాత్రం రోములో వాళ్లు దిగే హోటలుకే పార్శిల్ వచ్చేలా ఏర్పాటుచేశాడు. తిరుగు విమానం ఎక్కేచోట పన్ను వాపసు ముద్ర ఎక్కడ వేయించుకోవాలో కూడా కృపకు పటం గీసి ఇచ్చాడు. ఆవిడ అన్నీ చెప్పినట్టే చేసింది.

ఇంటికొచ్చాక డబ్బా తెరిస్తే మరియమాత నవ్వుతోంది.

“సూట్‌కేసులో చోటు చాల్లేదండీ. దాన్ని డబ్బాలోంచి తీసి చీరల మధ్య పెట్టాను. డబ్బా నలిగిపోకుండా అందులో సీసా దూర్చాను” అని కృప చెప్పింది. చీరల మధ్య చూస్తే ఐపీస్ లేదు. అప్పుడు శౌరమ్మకు తను కట్టిన పొట్లాలు గుర్తొచ్చాయి. యాత్ర నుంచి వచ్చినవాళ్లు లూర్దు నీళ్లు తలా ఒక సీసా పంచడం మామూలే. సీసాలన్నిటినీ ఆవిడ మరియమ్మకు ఇష్టమైన నీలం కాగితంలో చుట్టి, తెల్లదారం కట్టి, అప్పటికే సగం బెజవాడకు పంచేసింది. చిన్న సీసాకూ ఆ ఐపీస్‌కూ చుట్టేస్తే పెద్ద తేడా తెలియదు.

ఇక జయపాల్ వారమంతా ఏం చేశాడో చెబితే మీకు నవ్వొస్తుంది. అతనికి రాలేదు. కాలేజీ అయ్యాక, చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్కలో, ఇంటింటికీ తిరిగి “మా అమ్మ ఇచ్చిన తీర్థం పొట్లం ఒకసారి చూడొచ్చాండీ?” అని అడిగాడు. ఒకాయన ఆ నీళ్లు కొత్త కారు మీద చల్లేశాడు. ఒకావిడ పాయసంలో కలిపేసింది. మఠకన్యలు తమ సీసాను గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు, చూపించడానికి మదర్ గారి అనుమతి కావాలన్నారు. అందరి దగ్గరా నీళ్లే. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, తల్లి చేసిన యాత్ర చివరికి తన మెడకు చుట్టుకుందని అతని బాధ. మబ్బులు దిగుతున్నాయి. జూన్ దాటితే ఆకాశం మళ్లీ దసరాకు గాని తెరుచుకోదు. ఇంకా చూడాల్సిన ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఆదివారం పూజ నుంచి వచ్చి శౌరమ్మ ముసుగు తీసి మంచం అంచున కూర్చుంది. యాత్రలో వాచిన పాదాలు ఇంకా తగ్గలేదు. కొడుకు వారం నుంచి తనతో సరిగా మాట్లాడటం లేదన్న దిగులు ఆ పాదాల నొప్పి కన్నా ఎక్కువగా ఉంది.

“ఒరే అబ్బాయ్, ఇంకా ఎన్నాళ్లు మూతి ముడుచుకుని కూర్చుంటావు? పోయింది దొరుకుద్దిలే. పోయినవి దొరికించే అంతోనివారికి మొక్కుకున్నాను.”

“దొరక్కపోతే?”

“ఇంకోటి కొనుక్కుందువులే నాన్నా.”

అంతే. వారం రోజుల ఎండా, ఉక్కా, ఇంటింటి నవ్వులూ అన్నీ ఒక్కసారిగా అతని నాలుక మీదికి వచ్చేశాయి.

“ఇంకోటా? అదేమన్నా కొట్లో దొరికే కొబ్బరికాయా? ఏడాదిపాటు ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో నీకు తెలుసా? ఒక్కసారమ్మా, ఒక్కసారి నా కళ్లతో నేను సరిగ్గా చూద్దామనుకున్నా. నీకు భక్తి ఎక్కువై చేతిలో ఏముందో కూడా చూసుకోవు. ఇంకెప్పుడూ నా వస్తువుల జోలికి రాకు!”

శౌరమ్మ మెడలో జపమాలను గుప్పిట్లో పట్టుకుంది. తరవాత నెమ్మదిగా అంది, “నేనే కలిపేసుంటాన్రా. అన్నీ ఒకే కాగితంలో చుట్టానుగా. ముసలిదాన్నయ్యాను.”

వంటింట్లో కృప కోడికూరకు ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగింది. ఆమె బయటికి వస్తుందేమో, ఊరుకోండి అంటుందేమో అని శౌరమ్మ అటు చూసింది. ఎప్పుడూ అత్త పక్షాన మాట్లాడే కోడలే. కృప రాలేదు. కాసేపటికి కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది, ఇందాకటికన్నా మెల్లగా.

“అమలమ్మత్త దగ్గరికి వెళ్లొస్తా. ఇంక మిగిలింది ఆవిడే” అన్నాడు జయపాల్ చెప్పులు వేసుకుంటూ.

అప్పుడు వచ్చింది కృప, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. ఉల్లిపాయలే కావచ్చు.

“ఇప్పుడొద్దండీ. మీ అత్తయ్య తొమ్మిది రోజుల నవదినాల ప్రార్థన చేస్తున్నారు. ఆ పొట్లం తలకింద పెట్టుకుని పడుకుంటున్నారట. అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని నాతో చెప్పారు.”

“నువ్వెప్పుడు మాట్లాడావు?”

“నేనేగా తీసుకెళ్లి ఇచ్చింది. అత్తయ్యకు కాళ్లు వాచాయని నేనే పోయాను.”

“అయితే సీసా ఇచ్చి ఐపీస్ తెచ్చుకుంటా. నీళ్లకు నీళ్లు, అద్దానికి అద్దం. ఆవిడ ప్రార్థనకు లోటు రాదు.”

ప్లాస్టిక్ మరియమాతను సంచిలో వేసుకున్నాడు. కృప గుమ్మం దాకా వచ్చింది. ఏదో చెప్పబోయి, “గొడుగు తీసుకెళ్లండి” అంది. ఆమె కంటి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఎంతమంది రోగులకో ఎంత పెద్ద మాటనైనా తడబడకుండా చెప్పే మనిషి. గొడుగు మాట చెప్పడానికి ఆ రోజు ఎందుకంత తడబడిందో జయపాల్ పట్టించుకోలేదు. పట్టించుకునే ఓపిక కూడా లేదనుకోండి.

బందరు బస్సులో ఉయ్యూరు దాకా నిలబడే ప్రయాణం. పామర్రులో దిగి, షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూచిపూడి చేరాడు. అక్కడ నాట్యం నేర్చుకునే పిల్లలు ఎవరో గజ్జెల సంచులు తగిలించుకుని నడిచిపోతున్నారు. వాళ్ల ఉత్సాహం చూస్తే అతనికి ఇంకాస్త నీరసం వచ్చింది. ఊరు దాటాక కాలవ గట్టు మీద నడక. కాలవలో నీళ్లు ఇంకా రాలేదు. అడుగున బురద ఎండి పగిలింది, గట్టు మీద దుమ్ము. తల్లిని అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వెళ్లగానే క్షమించమని అడగాలనుకున్నాడు. ముందు ఐపీస్ దొరికితే అడగడం ఇంకా తేలికవుతుందని కూడా అనుకున్నాడు. మనిషి బుద్ధి అంతే.

అమలమ్మ జయపాల్ తండ్రికి అక్క. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. అతనికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. నాలుగు నెలల కిందట బావి దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గాని నడక రాలేదు. ఆవిడ మంచంలో పడి నీరసించి ఉంటుందని, కళ్లు మూసుకుని జపం చేసుకుంటూ ఉంటుందని, ఆ తల కింద నుంచి పొట్లం తీయడానికి ఎంత సున్నితంగా మాట్లాడాలో దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు.

తీరా వచ్చేసరికి అమలమ్మ వసారాలో, వీపు వెనక దిండు పెట్టుకుని దిట్టంగా కూర్చుని పేపరు చదువుతోంది. చదువుతున్నది దేనితో అంటే, అతని ఐపీస్‌తో. తిరగేసి పట్టుకుని, పేపరు మీద ఆనించి, ఒక కన్ను మూసి. పక్కన కంచంలో సగం తిన్న వడియాల ముక్కలు. నల్లగా మెరిసే ఆ లోహం మీద నూనె వేళ్ల గుర్తులు.

“రారా జయా! ఎండనపడొచ్చావు. హెలెన్, మజ్జిగ తీసుకురామ్మా!” అని కోడలిని కేకేసింది. “ఇది భలేగుందిరా. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్నక్షరాలు పట్టడంలేదు నాకు. దీన్ని ఇట్టా తిప్పి పెడితే ఒక్కో అక్షరం గారెంత కనపడుద్ది.”

ఏడాది కల, వారం తిరుగుడు, అంతా వడియాల నూనెలో.

“అత్తా, అది నీళ్ల సీసా కాదు.”

“ఆ సంగతి నాకు తెలవదా? నీళ్లయితే చదువుకుంటానా, తాగుతాను.”

“నవదినాలు చేస్తున్నావంటగా. తలకింద పెట్టుకుని...”

“నవదినాలా? ఎవరు చెప్పారు నీకు?”

“కృప.”

హెలెన్ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చి, బాగున్నారా అని పలకరించి లోపలికి పోయింది. ఆమె లోపలికి పోయేదాకా అమలమ్మ ఊరుకుంది. తరవాత పేపరును మడత పెట్టి, పెద్ద అక్షరాల హెడ్డింగు పైకి వచ్చేలా మోకాళ్ల మీద పరిచింది.

“ఇట్టా దగ్గరికి రా. ఇది చదువు.”

“అత్తా, నేను బస్సు పట్టుకోవాలి.”

“చదవరా అంటే!”

బడిలో వినిపించిన గొంతే. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, మాటకు ఎదురు చెప్పలేక మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఐపీస్ చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. ఇన్నాళ్లకు చేతికి వచ్చింది, వచ్చింది కాలవ నీళ్ల వార్త చదవడానికి. అలవాటుగా ఎడమ కన్ను మూసి, కుడి కన్ను పెట్టాడు.

హెడ్డింగులో ‘కాలువలకు’ అన్న మాట. మొదటి అక్షరం అంచు కనిపించింది. చివరి అక్షరం తోక కనిపించింది. నడుమ ఎవరో తడివేలితో రుద్దినట్టు బూడిదరంగు మరక.

“నూనె చేతుల్తో పట్టుకున్నావు. మసకబారింది” అన్నాడు.

“తుడువు మరి.”

ఎవరైనా బట్టతో అద్దం తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపే మనిషి, చొక్కా అంచుతోనే తుడిచాడు. మళ్లీ చూశాడు. మరక అక్కడే ఉంది. ఐపీస్‌ను చేతిలో గుండ్రంగా తిప్పాడు. అద్దం మీద మరకైతే దానితోపాటు తిరగాలి. తిరగలేదు. పేపరును పక్కకు జరిపాడు. మరక మాత్రం అతను ఎటు చూస్తే అటే వస్తోంది.

“ఇప్పుడు రెండో కంటితో” అంది అమలమ్మ.

ఎడమ కన్ను పెట్టాడు. ‘కాలువలకు’. నిగనిగలాడుతూ ఒక్కో అక్షరం, అంచులు కోసినట్టు. కాగితంలోని పీచు కూడా కనిపిస్తోంది. అంత మంచి అద్దంలోంచి అతను జీవితంలో ఎప్పుడూ చూడలేదు.

వసారాలో ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. జయపాల్ ఐపీస్‌ను పేపరు మీద పెట్టి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. చుక్కను తిన్నగా చూస్తే మాయమవడం, పక్కకు చూస్తే కనిపించడం గుర్తొచ్చింది. మసక చుక్కలు అందరికీ అలాగే ఉంటాయని పిల్లలకు పాఠం కూడా చెప్పాడు. కాని శనిగ్రహం మసక చుక్క కాదు. చందమామ అసలే కాదు. మొన్న ఏప్రిల్‌లో కళ్లజోడు మార్పించుకోవడానికి కృప ఆసుపత్రికే వెళ్లినప్పుడు, చార్టు మీద అక్షరాలు నలిగి కనిపిస్తే నంబరు పెరిగిందనుకున్నాడు. డాక్టరు స్కాన్ తీయించాడు. కృపను లోపలికి పిలిచి కాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి ఆమె, “ఏం లేదండీ, కొత్త జోడు రాసిచ్చారు” అంది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?” అని అడిగాడు.

“నీ పెళ్లాం ఈ పొట్లం తెచ్చిన రోజునుంచి. ఇదిగో, నువ్వు కూర్చున్నచోటే కూర్చుని ఏడ్చింది. కుడికన్ను నడుమ పోతా ఉందంట. దానికి మందు లేదన్నాడంట డాక్టరు. పోయింది రాదు, రెండోదాన్ని కాపాడుకోవాలన్నాడంట. నీకు చెప్పడానికి దానికి నోరు రాలేదు. యాత్రకు పోయొచ్చాక చెబుతానని డాక్టరుకి మాటిచ్చిందంట.”

“దీన్నెందుకు దాచింది? దీనికీ దానికీ ఏంటి సంబంధం?”

“చదువుకున్నోడివి, నువ్వే చెప్పు. ఇన్నేళ్లూ అద్దం బాగోలేదు, అద్దం బాగోలేదు అనుకుంటా వచ్చావు. మంచి అద్దం ఇంటికొచ్చాక ఇంక దేని మీదకి నెడతావురా?”

జయపాల్ పేపరు మీది ఐపీస్‌ను వేలితో ఆవిడ వైపు నెట్టాడు.

“ఆ రోజు రోములో పార్శిలు విప్పి చూసినప్పట్నుంచి దానికి నిద్రలేదంట. మేడెక్కి, కన్ను పెట్టి, నువ్వే కనుక్కుంటావని భయం. నీ అంతట నువ్వు చీకట్లో ఒక్కడివే కనుక్కోవడం దానికిష్టంలేదు. కొన్నాళ్లు నా దగ్గరుంచమని నా చేతిలో పెట్టింది. మబ్బులు పట్టేదాకా ఆగితే చాలు, ఈలోపు ఎట్టాగో నేనే చెబుతానంది. నీ చేత ఓ పేపరు చదివిస్తే నీకే తెలుస్తుందన్నాను, వద్దంది. ఎవరికీ చెప్పనని నేను మాటిచ్చాను.”

“మరి ఇప్పుడు చెప్పావుగా.”

“చెప్పాను. నీకు చదువు చెప్పినదాన్ని, నిన్ను గుడ్డోణ్ణి చేసి ఆడించలేను. నేను చెప్పానని దానికి తెలియనీకు. అది చెప్పినప్పుడే విను. మొగుడికి పెళ్లామే చెప్పాల్సిన మాటలు కొన్నుంటాయి.”

అతనికి తల్లి గుర్తొచ్చింది. మంచం అంచున వాచిన పాదాలతో కూర్చుని, చెయ్యని తప్పును నెత్తినేసుకున్న మనిషి. నేనే కలిపేసుంటాన్రా. పొద్దున అతను అరిచిన అరుపులన్నీ తిరిగొచ్చి గుండెలో గుచ్చుకున్నాయి. ఏడుపు వచ్చింది గాని, మంచి కంటికి శ్రమ ఎందుకన్నట్టు ఆపుకున్నాడు.

సంచిలోంచి సీసా తీసి అమలమ్మ ముందు పెట్టాడు. “ఇదిగో, ఇది నీది. నీకు రావాల్సిన నీళ్లు.”

అమలమ్మ ఆ ప్లాస్టిక్ మరియమాతను చేతిలోకి తీసుకుని, నీలం కిరీటం మీద వేలితో రాసి, తిరిగి అతని సంచిలోనే పెట్టింది.

“నాది నాకు ఇచ్చేసింది. దిండు కింద ఉంది చూడు. ఇది నాది కాదు.”

“మరెవరిది?”

“డబ్బా నలక్కుండా దూర్చానని చెప్పిందా నీతో? పిచ్చి సన్నాసీ! లూర్దులో ఊట పుట్టినప్పుడు మొట్టమొదట బాగుపడింది ఒక పనివాడి కన్నేనంట. కుడి కన్నేనంట కూడా. ఆ కథ నీకు చిన్నప్పుడు నేనే చెప్పాను, మర్చిపోయావు. అది మర్చిపోలేదు. పొద్దుటినుంచీ లైనులో నిలబడి పట్టుకొచ్చింది. పొద్దస్తమానం స్కానులు చూసే నర్సు, ఈ నీళ్లు కంట్లో వేసుకోండి అని ఫిజిక్సు చెప్పేవాడితో ఏ మొహం పెట్టుకుని అంటుంది? అందుకే నీ అద్దం తీసేసి, ఆ చోట్లో పెట్టి ఊరుకుంది.”

హెలెన్ వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుపోయింది.

“ఇదీ తీసుకుపో” అని అమలమ్మ ఐపీస్‌ను తన కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. ఈసారి అతను ఆపలేదు. “ఎడమది ఉందిగా, దాంతో చూడు.”

“కుడితోనే అలవాటత్తా. ఎడమ కన్ను పెడితే చెయ్యీ కన్నూ కుదరవు.”

“పలక మీద నువ్వు ఎడమ చేత్తో రాసేవాడివి, గుర్తుందా? బెత్తం పుచ్చుకుని కుడికి మార్పించింది నేనే. ఇప్పుడు నేనే చెబుతున్నా, ఎడమ వాడు. నేర్చుకోవడానికి నీకేం వయసు మించిపోలేదు.”

అతను వంగి ఆవిడ పాదాలకు కాదు, ఆ పేపరు మడతపెట్టిన చేతులకు ముద్దు పెట్టి లేచాడు.

కాలవ గట్టు మీద ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆకాశం సగం మబ్బేసింది. సంచిలో నీళ్ల సీసా, అద్దం పక్కపక్కనే ఉన్నాయి. సంచి ఊగినప్పుడల్లా ఒకదానికొకటి తగులుతున్నాయి. అతను ఎడమ కన్ను మూసి గట్టుకు ఆవలి కొబ్బరిచెట్టును చూశాడు. మట్టలు కనిపించాయి, మొదలు కనిపించింది, నడిమి కాండం లేదు. రెండు కళ్లూ తెరిచాడు. చెట్టు పూర్తిగా ఉంది. ఇన్నాళ్లూ ఒక కన్ను రెండో కంటి తప్పును కప్పిపుచ్చుతూ వచ్చింది, ఇంట్లోవాళ్లలాగే.

ఫోన్ మోగింది. కృప.

“దొరికిందాండీ?”

అతను సంచి మీద చెయ్యి వేశాడు. లోపల ఐపీస్ గట్టిగా తగిలింది.

“లేదు కృపా. అత్త దగ్గర కూడా నీళ్లే ఉన్నాయి.”

అవతల నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటే అతనికి కోపం రావాలి. జాలి వేసింది, తన మీద కాదు, ఆమె మీద. ఇంత బరువు ఒక్కతే ఎలా మోసిందో అనిపించింది.

“పోనీలెండి. అలిసిపోయుంటారు, వచ్చేయండి. అత్తయ్య మీరొచ్చేదాకా అన్నం తిననని కూర్చున్నారు.”

“వస్తున్నా. అమ్మతో చెప్పు... వద్దులే, నేనే చెబుతా.”

ఆటో కనుచూపు మేరలో దుమ్ము లేపుకుంటూ వస్తోంది. కృప ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది.

“ఏమండీ” అంది చివరికి. గొంతు బాగా తగ్గిపోయింది. “మీ అత్తయ్య మీ చేత ఏమైనా చదివించారా?”

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. రాలేదు. ఒక రోజుకు ఒక అబద్ధం చాలనిపించింది.

“చదివించింది.”

ఆటో వచ్చి ఎదురుగా ఆగింది. ఎక్కుతారా అని డ్రైవరు అడుగుతున్నాడు. జయపాల్ కదలలేదు.

“ఏ కంటితో?” అంది కృప.